బండి కదలకపోతే ముందు కిక్ కొట్టి చూడు

చిరంజీవి అబ్బాయికి, బాబాయి ఆశీస్సులు.

తాతయ్య బుల్లెట్ దారిలో ఆగిపోయిందని మీ నాన్న చెప్పాడు. ఇంజిన్ అరుస్తోందట, బండి మాత్రం కదలడం లేదట. గేర్‌బాక్స్ పోయిందని ఎవరో విప్పడానికి సిద్ధమయ్యారట. ఒక్క పూట ఆపించు నాన్నా.

మనది నాలుగు గేర్ల పాత కాస్ట్ ఐరన్ బండి. అందులో ఇంజిన్ వేరు, గేర్‌బాక్స్ వేరు. ఇంజిన్ బలం ఎడమ పక్క కేసులో ఉన్న ప్రైమరీ చైన్ మీదుగా క్లచ్‌కి, అక్కడి నుంచి గేర్‌బాక్స్‌కి, తర్వాత వెనక చైన్‌తో చక్రానికి చేరుతుంది. ఈ దారి ఎక్కడ తెగిందో తేలాకే పానా పట్టాలి.

ఇంజిన్ ఆపి సెంటర్ స్టాండ్ వెయ్యి. వెనక చైన్ ఊడిపోలేదు కదా, చూడు. టాప్ గేర్ వేసి, క్లచ్ వదిలేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పు. కంప్రెషన్, అంటే ఇంజిన్ లోపలి గాలి ఎదురొత్తిడి, తగలకుండా తేలిగ్గా తిరిగిపోతుంటే చైన్ వైపు చూడు. చక్రం తిరుగుతున్నా చైన్ కదలకపోతే లోపం చక్రం మధ్యనుండే హబ్‌లోనే. చైన్ కూడా తిరుగుతుంటే, ఇగ్నిషన్ ఆఫ్‌లోనే ఉంచి న్యూట్రల్‌లో కిక్ కొట్టు.

అసలు సంగతి తేలేది ఇక్కడే. బుల్లెట్‌లో కిక్ కూడా క్లచ్ ప్లేట్లు, ప్రైమరీ చైన్ మీదుగానే ఇంజిన్‌ని తిప్పుతుంది. కిక్ ఎప్పటిలా బరువుగా పట్టిందా, ఆ రెండూ పనిచేస్తున్నట్టే. అప్పుడు గేర్‌బాక్స్‌నీ, వెనక చైన్‌ని తిప్పే దాని పళ్ల చక్రం స్ప్రాకెట్‌నీ అనుమానించు. చక్రంతో పాటు కిక్ కూడా ఖాళీగా జారిపోతే గేర్‌బాక్స్ జోలికి పోవద్దు, లోపం క్లచ్‌లోనో ప్రైమరీ చైన్‌లోనో ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే జారే క్లచ్ అయితే ఈ పరీక్షకు దొరకదు. క్లచ్ లివర్ నొక్కి పట్టినా కిక్‌తో స్టార్టయ్యే వేరే బండ్లకు కూడా ఇది పనికిరాదు.

పాతికేళ్ల వయసులో ఇది తెలియక నేను గేర్‌బాక్స్ మొత్తం విప్పించాను. లోపల అంతా బాగానే ఉంది. క్లచ్ కేబుల్ మరీ బిగించేసి ఉండటంతో ప్లేట్లు ఎప్పుడూ సగం విడిపోయే ఉండి, జారి జారి అరిగిపోయాయి. ఆ ఖర్చు నాకిప్పటికీ బాధే. అందుకే ముందు లివర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ప్లే (వదులు) ఉందో లేదో చూసుకో.

అది సరిగ్గా ఉంటేనే కేసు తియ్యి. కింద ట్రే పెట్టు, ఆయిల్ కారుతుంది. ఎడమ ఫుట్‌రెస్ట్ తీసి, మధ్యలో ఉన్న ఒక్క నట్టు విప్పితే మూత వచ్చేస్తుంది. ప్రైమరీ చైన్ బాగా బిగుతుగా ఉన్నచోట కూడా ఆరు మిల్లీమీటర్ల లూజు ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం ఏ చైన్ దగ్గరా వేళ్లు పెట్టొద్దు, నా మీద ఒట్టు.

పానాలన్నీ అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయి. కిక్ ఎలా పట్టిందో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

మీ బాబాయి