కొత్త బౌలింగ్ బాల్ రెండో గేమ్‌కే తిరగడం మానేసిందా? ముందు లేన్ చూడండి

మీ సమస్య ఇదీ: 15 పౌండ్ల కొత్త రియాక్టివ్ బాల్ (పొడి లేన్ మీద బాగా పట్టు దొరికే రకం పైపొర ఉన్నది), గరుకు పైపొర, మొదటి గేమ్ అదిరిపోయింది, రెండో గేమ్ సగం నుంచి దెబ్బలో బలం పోయింది, మూడో గేమ్‌లో తిరగడమే (పక్కకి వంపు తీసుకోవడమే) లేదు. డ్రిల్లింగ్‌లో (వేళ్ల రంధ్రాలు చేయడంలో) తప్పు జరిగిందా అని అడిగారు. నాకైతే బాల్ బాగానే ఉందనిపిస్తోంది. డాలస్ దగ్గర ఒక లీగ్‌లో ఆరేళ్లుగా ఆడుతున్నాను, మొదటి సీజన్ మొత్తం నాదీ ఇదే గొడవ.

ఫౌల్ లైన్ (దాటకుండా బాల్ వదలాల్సిన గీత) నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు. మామూలు లీగ్‌లో సుమారు 40 అడుగుల వరకే ఆయిల్ వేస్తారు, అదీ మధ్య బోర్డుల్లో (లేన్‌లోని సన్నని నిలువు పట్టీల్లో) ఎక్కువ, గటర్ల (రెండు పక్కల కాలువల) వైపు బాగా తక్కువ. బాల్ ఆయిల్ మీద జారి, పొడి చోట పట్టు దొరికాక తిరిగి, చివర్లో దొర్లుతూ వెళ్లి కొట్టాలి. గరుకు బాల్‌కి ఆయిల్‌లో కూడా పట్టు దొరుకుతుంది, పైగా ఆ ఆయిల్‌ని తాగేస్తుంది. జట్టులో కుడిచేతి వాళ్లంతా రెండో బాణం (గురి కోసం లేన్ మీద గీసిన బాణాల్లో కుడి నుంచి రెండోది) మీదుగానే వేస్తుంటే గేమున్నరలో ఆ దారి ఎండిపోతుంది.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఎండిన దారిలో గరుకు బాల్ సగం లేన్‌లోనే తిరగడం మొదలుపెట్టి, పిన్‌ల దాకా వచ్చేసరికి ఊపంతా అయిపోయి తిన్నగా పోతుంది. వెనక నుంచి చూస్తే ఆయిల్ ఎక్కువై తిరగనట్టే కనిపిస్తుంది! అలా అనుకునే కాళ్లు కుడివైపు జరిపాను, అంటే ఇంకా పొడిగా ఉన్న చోటికి. వరసగా నాలుగు ఫ్రేముల్లో 10వ పిన్ (వెనక వరసలో కుడి చివరిది) నిలబడిపోయింది, ప్రతిసారీ దాని ముందున్న 6వ పిన్ దాన్ని తాకకుండా గటర్‌లోకి మెల్లగా ఒరిగింది. అప్పుడు మా లీగ్‌లో ఒక పెద్దాయన చెప్పారు: పిన్‌లను కాదు, బాల్ ఎక్కడ మలుపు తీసుకుంటోందో చూడు అని.

ఆయిల్ నిజంగా ఎక్కువైతే బాల్ మలుపు తీసుకోవాల్సిన చోటు దాటి జారిపోతుంది, పాకెట్‌కి (కుడిచేతి వాళ్లు గురిపెట్టే 1, 3 పిన్‌ల మధ్య సందుకి) కుడి పక్కన తగులుతుంది, 2వ పిన్ లేదా 2, 8 పిన్‌లు మిగులుతాయి. ఒక టోర్నమెంట్‌లో, పొడవాటి ప్యాటర్న్ (ఆయిల్ ఎక్కువ దూరం వేసిన లేన్) మీద, మెరిసే నునుపైన పెర్ల్ బాల్‌తో నాకు జరిగింది అదే. అప్పుడు గరుకు బాల్, కొంచెం తక్కువ వేగం పనిచేస్తాయి. తిరిగొచ్చిన బాల్ మీద ఆయిల్ గీతలు కూడా చూడండి, దట్టంగా ఉంటే దారిలో ఆయిల్ ఇంకా ఉన్నట్టే.

మీ విషయంలో మాత్రం దారి ఎండిపోయిందనే నా నమ్మకం. రెండో గేమ్‌లో బాల్ తొందరగా తిరుగుతోందని కనిపించగానే కాళ్లు రెండు బోర్డులు, చూపు ఒక బోర్డు ఎడమకి జరపండి, సరిపోకపోతే ఇంకోసారి అంతే జరపండి. మూడో గేమ్‌కి నునుపైన బాల్ ఒకటి సంచిలో ఉంటే చాలా టెన్షన్ తగ్గుతుంది, అది బాగా ఖరీదైనదే అవ్వక్కర్లేదు. గరుకు బాల్‌ని 2000 ప్యాడ్‌తో (సన్నని గరుకు ప్యాడ్) రుద్దాలనుకుంటే ఆట మొదలవ్వకముందే రుద్దండి, మధ్యలో కుదరదు. యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ నియమాలు చూసే సంస్థ) లీగుల్లో 2020 ఆగస్టు నుంచి ఆట మధ్యలో క్లీనర్ ద్రవాలు కూడా వాడకూడదు, కాబట్టి ప్రతి షాట్‌కీ పొడి టవల్‌తో తుడవండి, ఇంటికెళ్లే ముందు క్లీనర్‌తో.