స్టేటస్‌లో అమ్మ ఉంది, ఫోన్‌లో లేదు

ప్రశ్న: మా అబ్బాయికి 27 ఏళ్లు. వేరే ఊళ్లో ఉద్యోగం. ఈసారి మదర్స్ డేకి నా ఫొటో పెట్టి, ‘నువ్వు లేకపోతే నేను లేను’ అని స్టేటస్ రాశాడు. చుట్టాలంతా తెగ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ రోజు ఫోన్ రాలేదు. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి, జవాబుండదు. ఉన్నా ‘ఊఁ’, ‘సరే’. నేను ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో గొడవ. వాళ్ల నాన్నతో అడిగిస్తే ‘బిజీగా ఉన్నానని అమ్మకు చెప్పు’ అంటాడట. నేనే మాట్లాడటం మానేస్తే బుద్ధొస్తుందా?

జవాబు: రాదమ్మా. మీకు నిద్ర కరువవుతుంది, అంతే. మీరు అలిగారన్న సంగతి అతనికి తెలియడానికే చాలా రోజులు పట్టొచ్చు.

మీది చాదస్తం మాత్రం కాదు. మదర్స్ డేను మొదలుపెట్టిన ఆవిడకీ ఇలాంటి బాధే ఉండేది. అమెరికాలో అన్నా జార్విస్ తన తల్లి జ్ఞాపకార్థం 1908లో తొలి వేడుక జరిపించారు. 1914లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ మే నెల రెండో ఆదివారాన్ని అధికారికంగా ప్రకటించారు. ఆ తర్వాత కొన్నేళ్లకే, తాను తెచ్చిన ఆ రోజు మీద తానే పోరాటానికి దిగారు జార్విస్. అచ్చేసిన కార్డు కొని పంపేసి చేతులు దులుపుకోవడం ఆవిడకు గిట్టలేదు. కన్నతల్లికి సొంతంగా నాలుగు ముక్కలు రాయలేరా అని కోపం.

అలాగని మీ వాడి స్టేటస్ నాటకమని అనుకోకండి. ఎదురుగా చెప్పలేని మాటను నలుగురిలో రాయగలిగే పిల్లలు చాలామంది ఉంటారు. అక్కడ మారు ప్రశ్న రాదు కదా! మొదటి ఎస్సెమ్మెస్ కూడా ఇలాంటిదే. 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు కంప్యూటర్ నుంచి క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. అందుకున్నాయన ఫోన్‌లో అక్షరాలు టైప్ చేసే వీలే లేదు, కాబట్టి తిరుగు మెసేజ్ లేదు. శుభాకాంక్షలకు అది సరిపోతుంది. తల్లీకొడుకుల మధ్య సరిపోదు.

ఇక అసలు విషయం. ‘రెండు నిమిషాల్లో గొడవ’ అని రాసి మీరు ముందుకెళ్లిపోయారు. నేను అక్కడే ఆగాను. ఆ ఫోన్‌లో మీ మొదటి మాట ఏమిటి? ‘మేం గుర్తున్నామా?’, ‘నేను చేస్తే తప్ప చేయవు కదా?’ ఇలాంటిదేనా? అయితే ఒక సంగతి వినండి. 1840కి ముందు బ్రిటన్‌లో ఉత్తరానికి డబ్బు మామూలుగా అందుకున్నవాళ్లే కట్టేవారు. దూరం పెరిగితే ఎక్కువ, కాగితాలు పెరిగితే ఇంకా ఎక్కువ. భరించలేక ఉత్తరాన్ని వద్దని తిప్పి పంపేసేవాళ్లూ ఉండేవారు. రోలండ్ హిల్ అనే సంస్కర్త పట్టుబట్టడంతో, పంపేవాళ్లే ముందుగా ఒక పెన్నీ చెల్లించే పద్ధతి వచ్చింది. ఆ ఏడాది మే నెలలో పెన్నీ బ్లాక్ అనే తొలి తపాలా బిళ్ల వచ్చింది. ఏడాదిలోనే ఉత్తరాల సంఖ్య రెట్టింపు దాటింది. జనానికి ఉన్నట్టుండి ప్రేమలు పొంగలేదు, అందుకునేవాడి మీద బరువు తగ్గింది. మీ ఫోన్ ఇంకా ఆ పాత పద్ధతిలోనే వెళ్తోంది. ఎత్తినవాడు ముందు సంజాయిషీ చెల్లించుకోవాలి.

కొన్నాళ్లు ఆ ఖర్చు మీరే పెట్టుకోండి. ఫోన్ చేసి మీ సంగతి ఒకటి చెప్పండి. ఆ రోజు మిమ్మల్ని నవ్వించిందో, చికాకు పెట్టిందో ఏదైనా సరే. తర్వాత అతను మాత్రమే చెప్పగలిగింది ఒకటి అడగండి: ‘నా ఫోన్ నిండిపోయిందిరా, ఏవి తీసేయాలి?’ లాంటిది. తనతో పని పడిందంటే పిల్లలు మాట్లాడతారు. తిన్నావా, పడుకున్నావా అని అడిగితే ‘ఊఁ’ తప్ప ఏం వస్తుంది? మాట బాగున్నప్పుడే ‘సరే నాన్నా, ఉంటాను’ అని ముందు మీరే పెట్టేయండి. మొదట్లో ఇది కష్టం. మనసులో ఉన్న ఫిర్యాదు నాలుక చివరిదాకా వస్తుంది.

ఆ ఫిర్యాదునూ చెప్పాలి. కానీ ఒక్కసారే, అతనికే. పండగ రోజున వద్దు, ఫ్యామిలీ గ్రూపులో అసలే వద్దు. ‘నువ్వు రాసింది చదివి సంతోషించాను. ఆ రోజు నీ గొంతు వినాలనిపించింది. వారానికోసారి పది నిమిషాలు మాట్లాడుకుందాం, నీకు ఎప్పుడు వీలు?’ అనండి చాలు. దీనికి ‘మీ పెద్దమ్మ కొడుకు చూడు’ అని తోక తగిలించారా, మళ్లీ మొదటికే.

నీలం టిక్కుల్ని వాట్సాప్ 2014లో తెచ్చింది. మెసేజ్ తెరిచారని తప్ప అవి ఇంకేం చెప్పవు. సెట్టింగ్స్‌లో రీడ్ రిసీట్స్ ఆపేస్తే మీ ఇద్దరి మధ్య ఇక కనబడవు. ఆపేయండి. అనవసరపు టెన్షన్.

ఒక్కటి గమనించండి. ఇదివరకు బాగా మాట్లాడేవాడై ఉండి, ఈమధ్యే ఇలా మారి, స్నేహితులకూ దూరమై, నిద్రా తిండీ తప్పుతున్నట్టు తెలిస్తే, పైన చెప్పిందంతా పక్కన పెట్టండి. వెళ్లి చూడండి. ‘నాతో ఎందుకు మాట్లాడవు’ అనకుండా ‘నీకెలా ఉంది’ అని అడగండి. అవసరమైతే డాక్టర్ దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో కలిసే వెళ్లండి.

మీవారిని మాత్రం ఈ రాయబారం నుంచి తప్పించండి. ఆయన కొడుకుతో ఆయన మాటలేవో ఆయన్ని మాట్లాడుకోనివ్వండి.