సముద్రం లేని జిల్లాకు రేవుతో ఏం పని?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలోని సియాటెల్‌లో ఉంటుంది. అక్కడ విమానాశ్రయాన్నీ ఓడరేవునూ చూసేది ఒకే సంస్థ అనీ, అది తన కోరికల చిట్టాను అక్కడి కేంద్ర ప్రభుత్వం ముందు పెడుతుందనీ చెప్పింది. అంత పెద్ద సంస్థ ఏమడుగుతుంది? సముద్రమే లేని మన జిల్లాకు అలాంటి చిట్టాతో పనుందా? (మా వారు రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు.)
— ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: పనుందమ్మా, చాలా ఉంది.

పోర్ట్ ఆఫ్ సియాటెల్ 1911లో ఏర్పడిన ప్రజాసంస్థ. ఓటర్లు ఎన్నుకున్న ఐదుగురు కమిషనర్లు దానికి పెద్దలు. అయినా పన్నుల రేట్లు అమెరికా కాంగ్రెస్ చేతిలో ఉంటాయి కాబట్టి అడగక తప్పదు. విమానమెక్కే ప్రయాణికుడి నుంచి విమానాశ్రయం వసూలు చేసుకునే రుసుముకు 2000లో నాలుగున్నర డాలర్ల పరిమితి పెట్టారు. నిర్మాణ ఖర్చులు ఎంత పెరిగినా ఆ పరిమితి మారలేదు. దాన్ని పెంచాలని అక్కడి విమానాశ్రయాలు, వద్దని విమాన సంస్థలు ఏళ్లుగా వాదించుకుంటున్నాయి.

రేవు పన్ను కథ ఇంకా ఆసక్తికరం. దిగుమతయ్యే లక్ష డాలర్ల సరుకుకు 125 డాలర్లు రేవుల నిర్వహణ పన్ను కట్టాలి. ఆ డబ్బు ప్రధానంగా పూడికతీతకు. సియాటెల్ రేవు సహజంగానే లోతైనది కాబట్టి దానికి తిరిగి వచ్చేది తక్కువ. పైగా కెనడా రేవులో దించి రైల్లో షికాగోకు పంపే సరుకుకు ఆ పన్ను లేదు. అంటే పన్నే సరుకును పొరుగు దేశానికి తరుముతోంది. అందుకే వాళ్లు ఫలానా చట్టం, ఫలానా రేటు అని పేరు పెట్టి అడుగుతారు. నాకు నచ్చింది అదే.

మన దగ్గరా ప్రధాన ఓడరేవులు, విమానాశ్రయాలు, ఎగుమతి సుంకాలు రాజ్యాంగం ప్రకారం కేంద్ర జాబితాలోవే. 2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేసింది. అది పూర్తిగా తొలగింది 2024 అక్టోబరులో. ఆ కాలపు పద్దులు మీ వారిని అడిగి చూడండి.

నేను కాకినాడలో బియ్యం ఎగుమతి కాగితాలు చూసినవాణ్ణి. అక్కడి లంగరు రేవులో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. బస్తాలు బార్జీల మీద ఓడ దగ్గరకు వెళ్లాలి. వానొస్తే ఎగుమతి ఆగుతుంది, గడువు దాటితే డెమరేజ్, అంటే ఓడను ఆపినందుకు కట్టే రుసుము, పడుతుంది. అలాంటి సమయంలో ఢిల్లీ నుంచి రాత్రికి రాత్రి కొత్త సుంకం వస్తే ఆ దెబ్బ రేవులో ఆగదు, నల్లగొండ రైతు ధాన్యం ధర దాకా వస్తుంది. రేవుకు చేరిన సరుకుకు పాత రేటే వర్తించాలన్నది నా చిట్టాలో మొదటి మాట.

రెండోది మీ ఊరి మీదుగా వెళ్లే గుంటూరు–బీబీనగర్ రైలు మార్గం. రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పని త్వరగా పూర్తికావాలి. మూడోది విమానాశ్రయం. శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు మరో కొత్త విమానాశ్రయం రాకూడదన్న నిబంధన ఉంది. శంషాబాద్‌ను నడిపే సంస్థ సమ్మతించాకే వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి దారి తెరుచుకుంది. మహబూబ్‌నగర్ వైపు అడిగేవారు ముందు ఆ నిబంధన చదవాలి.

రవాణా, పర్యాటక, సాంస్కృతిక వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం ఓడరేవుల, పౌర విమానయాన శాఖల పద్దులను ఏటా బడ్జెట్ తర్వాత పరిశీలిస్తుంది. మీ మిల్లర్ల సంఘం జనవరిలోనే ఒక పేజీ వినతి రాసి ఎంపీ చేతికివ్వాలి. సుంకం సంగతి ఆర్థిక శాఖకు, రైలు లైను సంగతి రైల్వే శాఖకు విడిగా రాయండి. ప్రతి అంశం పక్కనా నోటిఫికేషన్ తేదీ, అప్పుడు గోదాములో ఉన్న బస్తాలు, పోయిన ధర వేయించండి. ఆ లెక్కలు మీ వారి దగ్గరే ఉంటాయి.