నీ మొదటి యూజర్ గైడ్ చదివాక

తమ్ముడూ,

నువ్వు పంపిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గైడ్ రాత్రి కూర్చుని చివరిదాకా చదివాను. అక్షర దోషాలు లేవు. అయితే మొదటి రెండు పేజీలూ మీ సాఫ్ట్‌వేర్ గొప్పలే. గైడ్ తెరిచే మనిషి దాన్ని ఎప్పుడో కొనేశాడయ్యా! కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటే, బిల్లు రాక టెన్షన్‌తో తెరుస్తాడు. తెర మీద కనిపించే ఎర్రర్ మెసేజ్‌ను పొల్లుపోకుండా శీర్షికగా పెట్టు. అతను వెతికేది ఆ మాటలతోనే.

నేనూ ఇలాగే బోల్తా పడ్డాను. ఒక తెలుగు కీబోర్డుకి సహాయ పుస్తకం రాస్తూ, ‘జీరో విడ్త్ నాన్ జాయినర్ వాడే విధానం’ అని దర్జాగా ఒక అధ్యాయం పెట్టాను. తర్వాత ఒక డీటీపీ ఆపరేటర్ పక్కన కూర్చుని చూశాను. ఆయన ‘రాజ్‌కుమార్’ అని కొడుతుంటే ‘రాజ్కుమార్’ అని పడుతోంది. పుస్తకం అటూ ఇటూ తిప్పి మూసేశాడు. అక్షరాలు అతుక్కోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తే ఆ జాయినర్. జవాబు అందులోనే ఉంది, కానీ ఆ పేరు కింద ఉంటుందని ఆయనకెలా తెలుస్తుంది? ఇంటికొచ్చి ఆ శీర్షిక కొట్టేసి, ‘క వత్తు జ కిందికి పోకుండా ఎలా?’ అని రాశాను.

నీ గైడ్‌లో 4వ మెట్టు ‘పాత డేటా డిలీట్ చేయండి’. 5వ మెట్టులో ‘దీనికి ముందు బ్యాకప్ తీసుకోవాలి’. పులుసు దించాక, చింతపండు నానబెట్టుకోమన్నట్టుంది. ఇంకోటి, తెర మీద ‘సేవ్’ అని ఉంటే నువ్వూ సేవ్ అనే రాయి. ‘భద్రపరచు’ అంటే ఆ బటన్ కోసం వెతుక్కుంటారు. తెలుగు మీద ప్రేమ ఉంటే ముందు ఆ బటన్‌నే మార్పించు.

తెలిసిన లోపాలు రాస్తే పరువు పోతుందని మీ మేనేజర్ అన్నాడన్నావు. 1971లో బెల్ ల్యాబ్స్‌లో వచ్చిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్‌లోనే ‘బగ్స్’ (లోపాలు) అని విడిగా ఒక శీర్షిక ఉంది. దాన్ని తయారుచేసిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల పరువేమీ పోలేదని చెప్పు. మరీ గట్టిగా చెప్పకు, ఉద్యోగం కొత్త కదా.

సోమవారం మీ సాఫ్ట్‌వేర్ వాడే ఏదైనా కొట్టుకెళ్లి, గుమాస్తా పక్కన ఒక గంట కూర్చో. గైడ్ ఆయన చేతికిచ్చి నువ్వు నోరు విప్పకు. ఎక్కడెక్కడ ఆగాడో రాసుకుని, ఆ కాగితం నాకు పంపు.

ఉంటాను.