ఆదివారం డ్యూటీ, ఆరాధన, తండ్రీకొడుకుల మధ్య మీరు

అమ్మా, మీ అబ్బాయికి ఆసుపత్రి ఉద్యోగంలో నెలకు రెండు ఆదివారాలు డ్యూటీ పడుతోందనీ, ఉద్యోగం మానుకోవలసిందేనని మీవారు పట్టుబడుతున్నారనీ, విసిగిపోయిన అబ్బాయి సెలవున్న ఆదివారాల్లో కూడా ఆరాధనకు రావడం లేదనీ రాశారు.

మీవారి బాధలో నిజముంది. సంఘ సహవాసానికి దూరమైన విశ్వాసం మెల్లగా సన్నగిల్లుతుందన్న ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. అయితే ఆదివారం పని మానడం వేరు, సంఘంతో కలిసి ఆరాధించడం వేరు. ఆయన ఈ రెంటినీ ఒకటిగా చూస్తున్నారు. ప్రభువు పునరుత్థానుడైన దినమని తొలి విశ్వాసులు వారపు మొదటి రోజున కూడుకున్నారే గాని, ఆనాడు వారికి సెలవు లేదు. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ 321లో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా ప్రకటించేవరకు అది మామూలు పనిదినమే. ఆ శాసనం సైతం పొలం పనులకు మినహాయింపు ఇచ్చింది. అంతకు రెండు వందల ఏళ్ల ముందు ప్లినీ అనే గవర్నరు రాసిన లేఖలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును కీర్తించేవారని ఉంది. ఇక రోగుల సేవ మాటకొస్తే, యూదుల విశ్రాంతి దినమైన శనివారాన స్వస్థపరిచినందుకు యేసును తప్పుపట్టినవారెవరో మీవారికి నేను గుర్తుచేయనక్కరలేదు.

ఇంతమాత్రాన అబ్బాయి చేస్తున్నది సరైనదని అనను. డ్యూటీ ఉన్న రెండు ఆదివారాలు ఇక్కడ అసలు చిక్కు కాదు, ఖాళీగా ఉండి కూడా రాని మిగతావే చిక్కు. అతను దూరమవుతున్నది ఆరాధనకా, దారి పొడవునా వినవలసివచ్చే తండ్రి మాటలకా అన్నది మీరే నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. నాకైతే రెండోదే అనిపిస్తోంది. అదే నిజమైతే, కొన్నాళ్లు అతను వేరే వేళ జరిగే ఆరాధనకు ఒంటరిగా వెళ్లినా అభ్యంతరపెట్టకండి. డ్యూటీ వారాల్లో వేకువ ఆరాధనకో, సాయంకాలపు కూడికకో వీలవుతుందేమో సంఘకాపరిని అడగమనండి. పండుగ సెలవుల్లో తోటి ఉద్యోగులకు బదులు పనిచేస్తానంటే, ఆదివారం మార్చుకోవడానికి ఎవరైనా ఒప్పుకోవచ్చు.

ఒకరి మాట మరొకరికి చేరవేసే పని మాత్రం ఈరోజే మానేయండి. మీవారితో అబ్బాయి లేనప్పుడు మాట్లాడి, ఉద్యోగం ప్రస్తావన మూడు నెలలపాటు ఎత్తవద్దని కోరండి.