పాప అడిగే బొమ్మ, మీరు కట్టే వాయిదా

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. యూట్యూబ్‌లో బొమ్మల పెట్టెలు విప్పే వీడియోలు చూసి బ్యాగు, నీళ్ల సీసా, చెప్పులు అన్నీ ఒకే కార్టూన్ బొమ్మవి కావాలంటుంది. పుట్టినరోజు కూడా ఆ థీమ్‌తోనే చేశాం. కార్డు మీద 28,000 అయింది. ఆ వాయిదాల కోసం పాప పుట్టిన ఏడాదే తెరిచిన సుకన్య సమృద్ధి ఖాతాలో నెలకు వేసే 2,000 ఆపేశాం. ఇద్దరి జీతం కలిపి 46,000. కాదంటే పాప చిన్నబుచ్చుకుంటుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, ముందు సుకన్య ఖాతా సంగతి చూడండి. ఈ నెల 500 అయినా సరే, వేయండి. ఆర్థిక సంవత్సరంలో కనీసం 250 పడకపోతే ఖాతా డిఫాల్ట్ అవుతుంది, 50 జరిమానా కట్టి సరిచేసుకోవాలి. జరిమానా చిన్నదే, పోయేది చక్రవడ్డీ. 2024 జనవరిలో వచ్చిన 8.2 శాతం రేటే కొనసాగితే, ఈ నెల ఆపిన 2,000 పాపకు ఇరవై ఒకటి నిండేసరికి 5,500 దాటేది. కార్డు వాయిదాలో మాత్రం వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ మీరే ఎదురు కడుతున్నారు. చీటీ డబ్బో బోనసో చేతికొస్తే మొదట ఆ బాకీ తీర్చేయండి.

ఇక పాప విషయం. తనది మొండితనం కాదు. ఆ కోరిక వెనుక పెద్ద వ్యాపారం ఉంది. అమెరికాలో 1980ల్లో బొమ్మ ముందు తయారై, దాన్ని అమ్మడానికే కార్టూన్ వచ్చిన సందర్భాలున్నాయి. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల సమయంపై పరిమితిని 1984లో ఎత్తేశారు, 1990లో చట్టం చేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. మన దేశంలోనూ ప్రకటనలపై 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, కొనమని పిల్లలకు నేరుగా చెప్పే ప్రకటనలు, అమ్మానాన్నల చేత కొనిపించమని పురిగొల్పే ప్రకటనలు కూడదు. కానీ బొమ్మ పెట్టె విప్పి కేరింతలు కొట్టే పిల్లవాడు మీ పాప కంటికి ప్రకటనలా కనిపించడు, స్నేహితుడిలా కనిపిస్తాడు. కింద 'ప్రకటన' అని రాసి ఉన్నా ఎనిమిదేళ్ల పిల్లకు దాని అర్థం పూర్తిగా తెలియకపోవచ్చు. అందుకే పక్కన కూర్చుని చూడండి. ఈ బొమ్మ వాళ్లకు ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అని అడగండి. పిల్లలు చాలా త్వరగా పట్టేస్తారు.

ఇంకొకటి, నొచ్చుకోకండి. అంత పెద్ద వేడుక పాప అడిగిందా, అలాంటి వీడియోలు చూసి మనకే అనిపించిందా? ఓణీల వేడుకలకు సీరియళ్లలోలా సెట్లు వేయిస్తున్న కాలం ఇది. పిల్లలు మన మాటకన్నా మన ఖర్చు చూసే ఎక్కువ నేర్చుకుంటారు.

నెలకు 300 పాప చేతికివ్వండి. కొండారెడ్డి బురుజు దగ్గరి దుకాణాలకు తీసుకెళ్లి, బొమ్మ ఉన్న బ్యాగు, లేని బ్యాగు పక్కపక్కన పెట్టి ధరలు చదివించండి. మామూలు బ్యాగు ధర మీది, పైది తన డబ్బులోంచి. సరిపోకపోతే వచ్చే నెల దాకా ఆగాలి. తొందరపడి కొని తర్వాత బాధపడినా ఆ డబ్బు మీరు మళ్లీ ఇవ్వకండి, ఇది చాలా ముఖ్యం. కోపంగా కాదు, లెక్కగా చెప్పండి.

కార్డు బాకీ తీరాక బ్యాంకులో నెలకు 500 చొప్పున ఏడాది రికరింగ్ డిపాజిట్ వేయండి. ఆపైన వచ్చే పుట్టినరోజులకు ఆ 6,000 పైచిలుకే హద్దు, ఎవరిని పిలవాలో, ఏం కొనాలో పాపనే రాయమనండి. పదేళ్లు నిండాక తన సేవింగ్స్ ఖాతాను తనే నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది, పరిమితులు ఏమిటో మీ బ్యాంకులో అడగండి.