పీహెచ్‌డీ చేస్తూ మెంటరింగ్ బాధ్యతలు నెత్తిన వేసుకోవడం మంచిదేనా?

అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్నవారు గ్రాడ్యుయేట్ స్టూడెంట్ అసోసియేషన్‌లో (మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థుల సంఘంలో) చేరి సమాన అవకాశాలు, మెంటరింగ్ (తర్వాత వచ్చేవారికి దారి చూపడం) అంటూ తిరిగితే పరిశోధన దెబ్బతినదా, అసలు ఆ తిరుగుడు వల్ల ఎవరికైనా మేలు జరుగుతుందా అని మీరు అడిగారు. మేలు జరుగుతుంది, చాలా జరుగుతుంది. పరిశోధన కొంత వెనకబడే మాటా నిజమే. ఈ పనిని విశ్వవిద్యాలయాలు పనిగా లెక్కించకపోవడమే ఆ నష్టానికి అసలు కారణమని, మా అసోసియేషన్ తరఫున మెంటరింగ్ కమిటీ చూసిన అనుభవంతో గట్టిగా చెప్పగలను.

మా ల్యాబ్‌లో బీఎస్ డిగ్రీ మూడో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. పగలు తరగతులకు వెళ్లేది, సాయంత్రాలు ఒక దుకాణంలో ఉద్యోగం చేసేది, మధ్యలో దొరికిన గంటల్లో ల్యాబ్‌కు వచ్చేది. ప్రయోగం విఫలమైన ప్రతిసారీ కారణం ఏమై ఉంటుందో తన అంచనాను నోట్‌బుక్‌లో తేదీ వేసి మరీ రాసుకునేది. అంత ఓపిక నాతోటి పీహెచ్‌డీ విద్యార్థుల్లో కూడా అరుదు. నువ్వు పీహెచ్‌డీకి దరఖాస్తు చేయాలని ఒకరోజు అన్నప్పుడు, బీఎస్ కోసం తెచ్చిన అప్పే ఇంకా మొదలంటా అలాగే ఉందని, మరో ఐదారేళ్లు ఫీజులు కట్టే స్థోమత తమ ఇంట్లో లేదని ఆమె మామూలుగా, ఎప్పుడో తేల్చుకున్న విషయం లాగా చెప్పింది.

సైన్స్ విభాగాల్లో పీహెచ్‌డీ విద్యార్థికి సాధారణంగా ట్యూషన్ ఫీజు మినహాయించి, పైగా స్టైపెండ్ కూడా ఇస్తారన్న సంగతి ఆమెకు తెలియదు. మాటలతో చెబితే నమ్మలేదు కనుక నా ఆఫర్ లెటర్ తెరిచి చూపించాను. ఫీజు మినహాయింపు గురించిన వాక్యాన్ని తెర మీద వేలు పెట్టి చదివింది, కింద స్టైపెండ్ అంకె చూసింది, మళ్లీ పైకి వెళ్లి మొదటి నుంచి చదివింది. తర్వాత, ‘ఈ డబ్బు చదువు అయ్యాక తిరిగి కట్టాలా?’ అని అడిగింది. అక్కర్లేదని, ల్యాబ్‌లో చేసే పరిశోధనకూ తరగతుల్లో చేసే బోధనకూ ఇచ్చే డబ్బు అదని చెప్పాను. అప్పటికి ఆమె మూడేళ్లుగా ప్రొఫెసర్ల మధ్యే తిరుగుతోంది. అధ్యాపకుల పిల్లలకు అన్నం తింటూ వినే కబుర్లలోనే తెలిసిపోయే ఈ విషయాన్ని ఆమెకు ఒక్కరూ చెప్పలేదు. కావాలని దాచినవారు ఎవరూ లేరు. తెలిసే ఉంటుందని ప్రతి ఒక్కరూ అనుకున్నారు, అంతే.

అవకాశాల్లో అసమానత ఎక్కువగా ఉండేది ఇలా ఎవరూ చెప్పని నియమాల్లోనే అని నా అభిప్రాయం. 1986లో చాలెంజర్ ప్రమాదంలో మరణించిన వ్యోమగామి రొనాల్డ్ మెక్‌నైర్ పేరిట ఫెడరల్ ప్రభుత్వం నడిపే మెక్‌నైర్ స్కాలర్స్ కార్యక్రమం సరిగ్గా ఇలాంటివారిని, అంటే తక్కువ ఆదాయం గల కుటుంబాల నుంచి మొదటి తరంగా కాలేజీకి వచ్చినవారిని, పీహెచ్‌డీకి సిద్ధం చేయడానికే ఉంది. దాని ఆఫీసు మా క్యాంపస్‌లోనే, ఆమె రోజూ దాటి వెళ్లే భవనంలోనే ఉంది. పరిశోధనకు నిధులిచ్చే ఫెడరల్ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1952 నుంచి గ్రాడ్యుయేట్ ఫెలోషిప్పులు ఇస్తోంది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగానే వాటికి దరఖాస్తు చేయవచ్చు. ఈ రెండింటికీ ఎఫ్-1 వీసా (విదేశీ విద్యార్థులకు ఇచ్చే వీసా) మీద ఉన్న నేను అర్హుణ్ణి కాను, కానీ వాటి నియమాలు చదివి ఆమెకు చెప్పడానికి ఏ వీసా అడ్డు రాలేదు. పీహెచ్‌డీ దరఖాస్తు రుసుము మినహాయించమని కోరుతూ ఆమె రాసుకొచ్చిన ఈమెయిల్‌లో సగానికి పైగా క్షమాపణలే ఉన్నాయి. వాటన్నిటినీ తీసేసి, ఎవరు, ఏ విభాగానికి, ఎందుకు కోరుతున్నారు అన్న నాలుగు వాక్యాలు మిగిల్చాం. గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్ మర్నాడే మినహాయింపు ఇచ్చారు. ఇప్పుడు ఆమె వేరే రాష్ట్రంలో పీహెచ్‌డీ చేస్తోంది.

ఇంత మేలు చేసే పనికి మా విశ్వవిద్యాలయం ఇచ్చింది ఒక సర్టిఫికెట్, బ్రోషర్‌లో ఒక ఫొటో. ఆ ఫొటో తీయడానికి ఫొటోగ్రాఫర్‌కు డబ్బులిచ్చారు. పైగా ఈ బరువు అందరి మీదా సమానంగా పడదు. మా కమిటీలో ఎక్కువమంది మహిళలు, నల్లజాతి విద్యార్థులు, మొదటి తరం వాళ్లు. అంటే తమకే ఒక మెంటర్ అవసరమైనవాళ్లు. వాళ్ల పరిశోధనను నడిపించే ప్రొఫెసర్లు, అంటే అడ్వైజర్లేమో ‘ముందు పేపర్ రాయి’ అనేవారు. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం కేసులో ఉద్యోగులు, యజమానుల వివాదాలను తేల్చే ఫెడరల్ సంస్థ నేషనల్ లేబర్ రిలేషన్స్ బోర్డు, ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో బోధన, పరిశోధన సహాయకులుగా ఉన్న విద్యార్థులు ఉద్యోగులేనని తేల్చింది. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ క్యాంపస్‌లలో బోధన, పరిశోధన పనులు చేసే దాదాపు 48,000 మంది సమ్మెకు దిగి వేతనాలు పెంచుకున్నారు. పాఠం చెప్పడం పని అయినప్పుడు, ఆ పాఠం వినడానికి మనుషులు తలుపు దాకా రాగలిగేలా చేయడం పని ఎందుకు కాదో నాకు ఎవరూ వివరించలేకపోయారు.

2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని పరిగణించడం చెల్లదని తీర్పు ఇచ్చాక, ఇలాంటి పనుల కాలం చెల్లిందని అనేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ తీర్పు ఎవరికి సీటు ఇవ్వాలన్న దాని గురించి. రుసుము మినహాయింపు ఎలా అడగాలో చెప్పడాన్ని అది ఆపలేదు. టెక్సస్‌లో 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో డైవర్సిటీ ఆఫీసులను (అన్ని వర్గాలవారికీ చోటు కల్పించడం చూసే ఆఫీసులను) మూసివేయించింది గానీ, గుర్తింపు పొందిన విద్యార్థి సంఘాల కార్యక్రమాలను మినహాయించింది. ఆఫీసులు పోయిన చోట ఆ పని నిలబడాలంటే ఇక విద్యార్థి నాయకులే దిక్కు.

అలా నిలబడటానికి పెద్ద అడ్డంకి మా వ్యవస్థలోనే ఉంది. ఏటా మే నెల వచ్చేసరికి నాయకత్వం మారుతుంది. నేను బాధ్యత తీసుకున్నప్పుడు పాత కమిటీ తయారు చేసిన మార్గదర్శకాలు, ఎవరికి ఎవరు మెంటరో రాసిన జాబితా, అన్నీ ఒక విద్యార్థి గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి. ఆ విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లగానే విశ్వవిద్యాలయం ఖాతా మూసేసింది, ఫోల్డర్ దానితోపాటే పోయింది. దయచేసి అన్నీ అసోసియేషన్ ఖాతాలో పెట్టండి.

కాబట్టి మీరు ఈ బాధ్యత తీసుకోండి, కానీ ఒప్పుకునే ముందే గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్‌తో గంటల లెక్క మాట్లాడండి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి ఉద్యోగం చేయకూడదు; అసిస్టెంట్‌షిప్పే (బోధన లేదా పరిశోధన సహాయక ఉద్యోగమే) 20 గంటలు అయితే, మెంటరింగ్‌కు విడిగా జీతం ఇస్తామన్నా మనం పుచ్చుకోలేం. అందువల్ల మెంటరింగ్‌కు పట్టే సమయాన్ని ఆ 20 గంటల లోపలే లెక్కించి, ఆ మేరకు బోధన భారం తగ్గించమని, ఆ మాటను నియామక పత్రంలోనే రాయమని అడగండి, దాని ప్రతి ఒకటి మీ అడ్వైజర్‌కు కూడా పంపించండి.